అచ్చక్క నల్ల రూపాయి

8 మే 2007, మంగళవారం. తెనాలి

అచ్చక్క పోయి నెల దాటింది. మధ్యాహ్నం రేపల్లె కాలవ రేవులో బిందె ముంచుతూ కాలు జారి పడిందని పంచనామా రాశారు. డెబ్భై దాటిన మనిషి, పాకుడు పట్టిన మెట్లు. ఇందులో తవ్వడానికేముంది. సమాధి దగ్గర వాక్యం నేనే చెప్పాను. మా అక్కకి నేను కాక ఎవరు చెప్తారు.

ఎస్సైగారు ఒక్క మాట అడిగారు, చెప్పాను. ఆ రోజు ఏసుబాబు బాపట్ల కూడికలో నాతోనే ఉన్నాడు.

అడగడానికి కారణం ఉంది. మందిరం ఉన్న స్థలం అక్కది. ఏసుబాబు పన్నెండేళ్ళుగా నా వెంట తిరుగుతున్నాడు. డోలక్ వాడే, మైకు వాడే, నా గొంతు బొంగురు పోయిన రోజున వాక్యమూ వాడే. డాక్టరు గొంతుకి విశ్రాంతి ఇవ్వమన్నప్పటినుంచీ రేపల్లె మందిరం వాడికి అప్పగించి, స్థలం కూడా వాడి పేర రాయించాలని నా తలంపు. అక్క సంతకం పెట్టనంది. "వాడి చేతికి ఇవ్వద్దురా తమ్ముడూ, వాడు పాడేటప్పుడు కళ్ళు మూసుకోడు, జనాన్ని చూస్తాడు" అంది. దానికి వాడు ఆమె గడప ముందు నిలబడి ఏదో అన్నాడట, వీధి విన్నదట.

ఇప్పుడు స్థలం నాకు వచ్చింది. జూన్ మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల ఆరాధన రోజున వాడి తల మీద చేతులుంచి కాపరిగా నిలబెడతాను. ప్రభువే అడ్డు తొలగించాడని రాయబోయి ఆగాను.

9 మే, బుధవారం

సీతారామాంజనేయులు మాస్టారు కబురు పెడితే వెళ్ళాను. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. పాత నాణేలంటే పిచ్చి. కానుక సంచిలో అణాలు, కాణీలు పడితే ఆయనకి చూపిస్తుంటాను. ఆయన నా దేవుణ్ణి నమ్మరు, నేను ఆయన నాణేల్ని నమ్మను. స్నేహం మాత్రం గట్టిది.

కంప్యూటరు తెర మీద ఒక వెండి రూపాయి చూపించారు. నెట్‌లో వేలానికి పెట్టారట, పెట్టింది బాపట్లలో ఒక నెట్ దుకాణంనుంచి. విక్టోరియా రాణి బొమ్మ, 1862. కింద 'ఎవరూ ముట్టుకోనిది' అని రాసి ఉంది.

"మరీ పెళ్ళికూతురిలా ఉందండీ" అన్నారు మాస్టారు.

"మంచిదే కదండీ."

"జమలయ్యగారూ, నూట నలభై అయిదేళ్ళ ముసలమ్మ పెళ్ళికూతురిలా కనపడితే సంతోషించాలా, అనుమానపడాలా? ఫోటోలో తేలదు, కెమెరా లైటు అన్నిటినీ తెల్లగానే చూపిస్తుంది. మీరు రేపు బాపట్ల వెళ్తారుగా, ఆ దుకాణంలో నాణెం అడిగి పట్రండి. తోమిందా, తోమందా చూసి కొంటాను."

తోమితే ఏం పోయిందని అడిగాను. వెండిని శుభ్రం చెయ్యమనే కదా గ్రంథం అంతటా ఉంది, మష్టు తియ్యమనే కదా ప్రవక్తలు మొత్తుకున్నది.

"అది కరిగించడమండీ, ఇది మొహం గీకడం" అన్నారాయన. "మీరు మనుషుల్ని కడిగి బాగుచేస్తారేమో, నాణేన్ని కడిగితే చచ్చిపోతుంది. దాని వయసంతా ఆ మాసిన రంగులోనే ఉంటుంది."

పరీక్ష కూడా చెప్పారు. ముద్ర పడినప్పటి మెరుపు అలాగే ఉన్న నాణేన్ని వెలుగులో వంచి తిప్పితే, వెలుగు బండిచక్రం ఆకుల్లా చుట్టూ తిరుగుతుందట. తోమిన నాణెం మీద వెలుగు కదలదట. అంతా ఒకటే తెలుపు, చచ్చిన తెలుపు. దగ్గరగా చూస్తే సన్నటి గీతలు ఉంటాయట.

అక్క రూపాయి కూడా 1862దే. చిన్నప్పుడు ఆ అంకెలు చదివి చెప్పింది నేనే. ఆ మాట మాస్టారితో అనలేదు. ఆ సంవత్సరంవి కుప్పలుగా దొరుకుతాయని ఆయనే అన్నారు కూడా.

అక్కది నల్లటి రూపాయి. అమ్మ పోతూ చేతిలో పెట్టింది. గుడ్డసంచిలో కుట్టి, దారం కట్టి మెడలో వేసుకుంది, మళ్ళీ తియ్యలేదు. దాని గురించి నిండు కూడికలో లేచి మాట్లాడాను ఒకసారి. తాయెత్తుకీ దీనికీ తేడా ఏంటని గర్జించాను. అక్క అక్కడే కూర్చుని, "అమ్మ చెమట ఉందిరా దీంట్లో. నీ బల్ల గిన్నె నువ్వు తోముకో, నా రూపాయి జోలికి రాకు" అంది. జనం నవ్వారు. అప్పుడు నాకు కోపం వచ్చింది.

కాలవలోంచి తీసినప్పుడు మెడలో సంచి లేదు. నీళ్ళలో పోయిందన్నారు.

10 మే, గురువారం. బాపట్ల

దుకాణం రథంబజారు వెనక సందులో ఉంది. నాలుగు కంప్యూటర్లు, ఒక జెరాక్సు మిషను. నడిపేవాడు రాజేష్, మన కూడికలకి వాళ్ళమ్మ వస్తుంది.

"మీకివ్వకపోతే ఎవరికిస్తానండీ అయ్యగారూ" అని సొరుగులోంచి తీసి ఇచ్చాడు. కవరు చింపి అరచేతిలో పెట్టుకున్నాను. చల్లగా ఉంది.

"ఎవరిదిరా ఇది?"

"మీకు తెలీదాండీ? మన ఏసుబాబన్నదే. నెట్‌లో పెడితే బొంబాయివాళ్ళు, మద్రాసువాళ్ళు కొంటారని నేనే చెప్పానండి. మనూళ్ళలో వీటిని చూసేవాళ్ళెవరూ లేరుగా."

సాయంత్రం కూడికలో ఏం మాట్లాడానో గుర్తులేదు. బాగా మాట్లాడానని అన్నారు.

అక్క పోయిన రోజు కూడా ఇదే పందిరి. ఏసుబాబు నాతోనే ఉన్నాడు. పాటలప్పుడు డోలక్ దగ్గర ఉన్నాడు.

11 మే, శుక్రవారం

గొంతు బాగాలేదు. ఇవాళ రాయను.

13 మే, ఆదివారం. రేపల్లె

ఆరాధన అయ్యాక ఏసుబాబుని పక్కకి పిలిచి, రాజేష్ దగ్గర నాణెం చూశానని, మాస్టారికోసం తీసుకున్నానని చెప్పాను. వాడి మొహం చూస్తూనే చెప్పాను. మొహంలో ఏమీ లేదు. ఏమీ లేకపోవడం నిర్దోషికే కదా సాధ్యం.

"మా నాయనమ్మదండి" అన్నాడు. "ట్రంకుపెట్టెలో కాగితంలో చుట్టి ఉండేది. పెట్టిన రోజునుంచి తెల్లగా అలాగే ఉంది, గాలి కూడా తగల్లేదు. మందిరానికి కొత్త మైకు కొందామని అమ్ముతున్నానండి. మీ గొంతు చూస్తే భయమేస్తోంది."

విన్నావా జమలయ్యా. నీకు మైకు కొనడానికి నాయనమ్మ రూపాయి అమ్ముకుంటున్నాడు. అలాంటివాడిమీద నీ మనసు ఎక్కడికి పోతోంది.

ఇక విషయం తేలిక. నాణెం తోమనిది అయితే వాడు చెప్పింది నిజం. అక్క రూపాయి తారులాగా నల్లన, దాన్ని తోమకుండా తెల్లగా చెయ్యడం ఎవడి తరమూ కాదు. తోమనిది అని తేలితే చాలు.

14 మే, సోమవారం. తెనాలి

కిటికీ దగ్గర కూర్చుని వంచి తిప్పాను. వెలుగు కదిలినట్టే ఉంది.

కదల్లేదు. కిటికీకి దోమతెర ఉంది, అందువల్ల.

15 మే, మంగళవారం

మేడమీద ఎండలో చూశాను. అంతా ఒకటే తెలుపు. ఎండ మరీ ఎక్కువైంది.

ఇంకోటి. రాణి చెంప అరిగి చదునైంది. పెట్టెలో కదలకుండా పడుకున్న నాణేనికి చెంప ఎందుకు అరుగుతుంది? పెట్టెలోకి వెళ్ళకముందు సంతల్లో తిరిగి ఉంటుంది. సంతల్లో తిరిగింది మాసిపోవాలి కదా. మాసిపోకముందే పెట్టెలో పెట్టి ఉంటారు.

గ్రంథం తెరిచాను. వచ్చిన పేజీ నచ్చలేదు. మళ్ళీ తెరిచాను. అన్న చంపిన తమ్ముడి నెత్తురు నేలలోంచి మొరపెట్టిన చోటు వచ్చింది. అది తమ్ముడి సంగతి, అక్కది కాదు. మూసేశాను.

19 మే, శనివారం

మాస్టారు ఫోను. నాణెం ఇంకా ఇవ్వలేదని బాపట్లవాడు చెప్పాడన్నాను. అరవై మూడేళ్ళ వయసులో, ముప్ఫై ఏళ్ళు సత్యం గురించి గొంతు చించుకున్న తర్వాత, ఒక స్కూలు మాస్టారితో అబద్ధమాడాను. అది అబద్ధం కాదు, ఆలస్యం.

మాస్టారు అడగకపోయినా చెప్పాలనిపించింది, చెప్పలేదు: ఏసుబాబు ఆ రోజు పాటలకి నాతోనే ఉన్నాడు. మొదటి పాటకి డోలక్ ఎవరు వాయించారో అడిగితే చెప్పలేను. రెండో పాటకి వాడే.

21 మే, సోమవారం

సుబ్బాయమ్మ చూసేసింది. బట్టలు మడత పెడుతూ లాల్చీ జేబులో చెయ్యి పెట్టింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో నా జేబులో ఆమెకి దొరికిన వింత ఇదే అయ్యుంటుంది.

"ఏంటండీ ఇది?"

చెప్పాను. ఏసుబాబు నాయనమ్మదనే చెప్పాను. సుబ్బాయమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను ఇన్ని రోజులూ కళ్ళతోనే చూశాను.

"లవంగం వాసన" అంది. "మన పళ్ళపొడి వాసనండీ ఇది. గిన్నె తోమేది."

ద్రాక్షరసం పోసే బల్ల గిన్నె వెండిది. చింతపండు పెడితే పచ్చటి జీర వదులుతుందని, బూడిద గరుకని, నేనే ఈ పద్ధతి పెట్టాను. తడి నూలుగుడ్డ మీద గులాబీరంగు పళ్ళపొడి వేసుకుని, బొటనవేలితో మధ్యలోంచి బయటికి, గుండ్రంగా, తొందరపడకుండా. ఇలా ఇంకెవరూ తోమరు. ఏసుబాబుకి చెయ్యి పట్టుకుని నేర్పాను.

"పండక్కి తోమి ఉంటాడు" అన్నాను.

"తెల్లగా ఉన్నదాన్ని ఎవరు తోముతారండీ?"

"మెరుపు కోసం."

"గాలి తగల్లేదన్నాడుగా. ఉన్న మెరుపు చాల్లేదా?" దాన్ని నా పక్కన మంచం మీద పెట్టి, మళ్ళీ ముట్టుకోలేదు. "మా వదిన దీన్ని స్నానానికి కూడా తీసేది కాదు" అంది.

దీన్ని అంది. అలాంటిదాన్ని అనలేదు.

అన్నం తినలేదు నేను. ఉపవాసం అని చెప్పాను.

23 మే, బుధవారం

సుబ్బాయమ్మ మాట్లాడటం లేదు.

24 మే, గురువారం. బాపట్ల

పందిట్లో అదే చోట కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. డోలక్ ఉండే చోటు ఇక్కడినుంచి కనపడదు, మధ్యలో గుంజ ఉంది. ఏప్రిల్‌లో కూడా గుంజ అక్కడే ఉంది.

ఆ రోజు డోలక్ విన్నాను, వాడిని చూడలేదు. చూసింది వాక్యం మధ్యలో, మైకు సర్దడానికి వచ్చినప్పుడు. పొద్దున రైల్లో వేసుకున్న చొక్కా కాదు. తల తడిగా ఉంది. ఎండాకాలం, అందరం తలలు తడుపుకునే తిరుగుతున్నాం.

పొద్దున రైల్లో నాతో వచ్చాడా? తెనాలిలో ఎక్కాను. వాడు రేపల్లెనుంచి వచ్చి నాతో కలవాలి. కలిశాడనే నేను ఎస్సైగారికి చెప్పాను. మరి ఆ చొక్కా నేను ఎప్పుడు చూశాను?

26 మే, శనివారం

మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. కుర్చీ గుమ్మం దగ్గరికి జరుపుకుని, భూతద్దం కంటికి పెట్టుకుని, నాణేన్ని అంచుల దగ్గర పట్టుకుని తిప్పారు.

"తోమేశారండీ. ఈమధ్యనే."

"ఖాయమా?"

"చూడండి. గీతలన్నీ గుండ్రంగా, మధ్యలోంచి బయటికి తిరిగాయి. తీరిగ్గా చేశాడు, చెయ్యి తిరిగిన మనిషి. అరిగిన నాణెం పల్లాల్లో నలుపు దాచుకోవాలి, ఇక్కడ కిరీటం సందుల్లో నలుపు పైన పొడి కూర్చుంది, గులాబీరంగు పొడి. పొడి కింద నలుపు మాత్రం అలాగే ఉంది, పోదది." నాకు అద్దం ఇచ్చారు. "దీనికి ముందు బాగా నల్లగా ఉండేదండీ. పెట్టెలో ఉన్న నలుపు నీలంగా, పలచగా ఉంటుంది. ఇది జిడ్డు నలుపు. ఎవరి ఒంటిమీదో చాలా ఏళ్ళు ఉంది."

అద్దంలో రాణి కిరీటం కొండంత కనపడింది. దాని సందుల్లో మా అమ్మ, మా అక్క.

"ఏంటండీ, అలా అయిపోయారు? నేను కొనకపోతే ఏంలెండి, మీరేం నష్టపోరుగా" అన్నారు మాస్టారు. మంచినీళ్ళు ఇచ్చారు.

"దీన్ని పూర్తిగా కడిగేస్తే? ఆ పొడి, ఆ నలుపు కూడా లేకుండా?"

ఈ మాట అడిగింది నేనే. నా నోటితోనే అడిగాను.

మాస్టారు నావైపు కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "అప్పుడిక ఏమీ చెప్పలేమండి" అన్నారు.

28 మే, సోమవారం

కుంకుడుకాయలు కొట్టి నానేశాను. పాత బ్రష్షు ఒకటి తీసి పక్కన పెట్టాను. నాణేన్ని గిన్నె అంచు మీద పెట్టాను.

మందిరం నా జీవితం. ఆ గోడలకి ఇటుకలు మోశాను. గొంతు పోతోంది, నా వెనక ఇంకెవరూ లేరు. ఒక్కడు. ఆ ఒక్కడు ఏదో మైకు కోసం, కోపంలో, ఒక్క క్షణం... పోయిన మనిషి ఎలాగూ తిరిగిరాదు. నూట యాభై మంది గొర్రెల్ని ఎవరు కాస్తారు?

గ్రంథం పక్కనే ఉంది. తెరవలేదు.

సుబ్బాయమ్మ పెరట్లోకి వచ్చి కుంకుళ్ళ నురుగు చూసింది, బ్రష్షు చూసింది. ఐదు రోజుల తర్వాత నోరు విప్పింది.

"మిగిలింది ఆ కాస్త నలుపేనండి మా వదినది. దాన్ని తోమినవాడు ఒకడు చాలు."

కుంకుడు రసం జామచెట్టు మొదట్లో పారబోశాను.

2 జూన్, శనివారం. రేపల్లె

పగటి రైలుకే వెళ్ళాను. మందిరం మెట్ల మీద ఏసుబాబు గిన్నె తోముతున్నాడు, రేపటి కోసం. తడి గుడ్డ, పొడి, బొటనవేలు. మధ్యలోంచి బయటికి. పాట పాడుకుంటున్నాడు. అక్క చెప్పింది నిజమే, కళ్ళు మూసుకోడు.

"ఎలా తోముతున్నావురా?"

"మీరు నేర్పినట్టేనండి. నగిషీల్లో పొడి ఉండిపోతే రసంలో కలుస్తుందని మీరే అన్నారుగా, అందుకే పుల్లతో తీస్తున్నా."

నాణెం తీసి గిన్నె పక్కన మెట్టు మీద పెట్టాను. ఒకే తెలుపు, ఒకే చేతి తెలుపు.

"దీనికి పుల్ల పెట్టలేదేం?"

చెయ్యి ఆగింది. గుడ్డలోంచి నీళ్ళు కారి మెట్టు మీద పడుతున్నాయి.

"నల్లగా ఉంటే ఎవరూ కొనరని తోమానండి" అన్నాడు.

"గాలి కూడా తగల్లేదన్నావు. తెల్లగా అలాగే ఉందన్నావు."

ఏసుబాబు గిన్నెని ఎండకి ఎత్తిపట్టి, అటూ ఇటూ తిప్పి, గుడ్డతో తుడిచి పక్కన బోర్లించాడు. అప్పుడు నావైపు తిరిగాడు. నవ్వు మొహమే.

"ఎస్సైగారికి చెప్పిన మాట మీదేనండి అయ్యగారూ. నేను చెప్పమనలేదు. మీ అంతట మీరే చెప్పారు. ఇప్పుడు మాట మారిస్తే, ముప్ఫై ఏళ్ళుగా మీరు చెప్పిన వాక్యం కూడా అలాంటిదే అనుకోరూ జనం?"

నాణెం మీద చెయ్యి వేశాను.

"స్థలం కాగితాలు రేపు తెస్తున్నారుగా?"

"తెస్తాను."

"మీ గొంతు అసలు బాగాలేదండి. కాలవగట్టున నడిచి వెళ్ళకండి, మెట్లూ గట్టూ అంతా పాకుడు. ఉండండి, బండి మీద దించుతాను."

బండి తీసేలోపు నాణెం జేబులో వేసుకుని బజారు రోడ్డెక్కాను. జనంలో నడిచాను. వెనక కాసేపు బండి చప్పుడు వినపడింది, నా నడకకి సరిపడా నెమ్మదిగా. స్టేషను ముందు ఆగిపోయింది. రైల్లో జేబులో నాణెం పట్టుకునే కూర్చున్నాను.

3 జూన్, ఆదివారం. తెల్లవారింది

నాణేన్ని మాస్టారికి ఇచ్చి రమ్మని సుబ్బాయమ్మని పంపాను. కడగద్దని, ఎస్సైగారికి తప్ప ఎవరికీ ఇవ్వద్దని చెప్పించాను. స్థలం కాగితాలు బీరువాలోనే ఉన్నాయి. గ్రంథం చంకలో పెట్టుకుని బయల్దేరుతున్నాను.

అదే రోజు, సాయంత్రం. రేపల్లె పోలీస్ స్టేషను బెంచీ మీద

మందిరం నిండిపోయింది. బయట షామియానా కూడా వేశారు. ఏసుబాబు తెల్లచొక్కాలో బల్ల పక్కన నిలబడ్డాడు, గిన్నె వాడి చేతిలో మెరుస్తోంది. నేను చేతులుంచుతానని అందరూ లేచి నిలబడ్డారు.

చేతులుంచలేదు. చెప్పాల్సింది చెప్పాను. గొంతు రాలేదు, గాలి మాత్రమే వచ్చింది. ముందు వరసలో ఆడవాళ్ళు చెవుల దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ గాలే.

అయ్యగారి మాట వినపడటం లేదని వెనకనుంచి ఎవరో అరిచారు. ఏసుబాబు గిన్నె బల్ల మీద పెట్టాడు. పన్నెండేళ్ళ అలవాటు. వచ్చి మైకు కిందికి వంచి, మర బిగించి, నా నోటికి ఆనేలా పెట్టాడు. వాడి వేళ్ళు లవంగం వాసన వేశాయి.

అప్పుడు అందరికీ వినపడింది. లోపల రాసి ఇచ్చింది కూడా ఆ మాటే. వాక్యం సగమయ్యేదాకా ఆ రోజు ఏసుబాబు బాపట్ల కూడికలో నాతో లేడు.